తపాలాలో రాని చదువు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, దిద్దవలసిన పరీక్ష పేపర్ల కట్ట ముందు వేసుకుని కూర్చున్నాను. ఏ ప్రబంధాన్ని ఏ కవి రాశాడన్న విషయంలో మా పిల్లలకి బొత్తిగా పట్టింపు ఉండదు. నాలుగు పేపర్లు దిద్దేసరికి నాకు నిద్రా, నిస్పృహా రెండూ కలిసివచ్చాయి. సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

వచ్చింది మా కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఇంటర్లో బైపీసీ. ఇప్పుడు బి.ఎస్సీ. తెలుగు నా దగ్గర చదువుకుంది కనక నేనంటే చనువు. తండ్రి లేడు. తల్లి మిషను కుడుతుంది. ఈ పిల్ల పొద్దున్నే ఆరు గంటలకి బస్టాండు పక్కనున్న రక్తపరీక్షల కొట్టుకి వెళ్లి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, నరం చూసి రక్తం తీసి, తొమ్మిదిన్నరకి కాలేజీకి వస్తుంది. చెయ్యి తేలిక అని ఊళ్లో పేరు కూడా వచ్చింది.

"మేడమ్, ఒక్క సంతకం కావాలి" అంటూ సంచిలోంచి రంగురంగుల కాయితం ఒకటీ, దరఖాస్తు ఫారం ఒకటీ తీసింది. ఇంట్లో కూర్చునే మెడికల్ లేబరేటరీ డిగ్రీట. క్లాసులకి వెళ్లనక్కరలేదు. పుస్తకాలు తపాలాలో వస్తాయి. పరీక్షకి ఏడాదికొక్కసారి వెళితే చాలు. ఫీజు నలభై అయిదు వేలు. ఫారం అడుగున "అభ్యర్థిని ఎరిగిన అధ్యాపకుల సంతకం" అని ఒక గీత. ఆ గీత మీద నేను సంతకం పెట్టాలి. కొట్టు యజమాని, "ఏదో ఒక పట్టా కాయితం తెచ్చుకో అమ్మాయ్, జీతం రెట్టింపు చేస్తాను" అన్నాడట. తల్లి గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధంగా ఉందిట.

నేను కలం తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో చెప్పాలంటే మూడేళ్ల వెనక్కి వెళ్లాలి. అప్పుడు ఇలాంటి ఫారమే ఒక కుర్రాడు పట్టుకొచ్చాడు. నేను చదవలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్న తొందరలో గీత ఎక్కడుందో చూసి సంతకం గీకి పంపేశాను. పిల్లవాడు అప్పు చేసి డబ్బు కట్టాడు. పుస్తకాలు వచ్చాయి, పట్టా కూడా వచ్చింది. తీరా ఉద్యోగానికి వెళితే పారామెడికల్ బోర్డులో నమోదు అడిగారు. అక్కడికి వెళితే ఈ పట్టా చెల్లదు పొమ్మన్నారు. పట్టా ఇచ్చినవాళ్ల గదికి తాళం. ఇప్పుడు ఆ కుర్రాడు మోటారు సైకిలు మీద ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తున్నాడు. మా వీధిలోకి వచ్చినప్పుడు నేను గుమ్మంలో ఉంటే తల దించుకుని వెళ్లిపోతాడు. తల దించుకోవలసింది అతను కాదు.

అందుకని, "ఈ చదువు ఇలా తపాలాలో చదివేది కాదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "మీరు ఎం.ఏ. తపాలాలోనే చదివారని మీరే క్లాసులో చెప్పారు కదా మేడమ్!"

చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు.

నిజమే. నా పెళ్లి బి.ఏ. కాగానే అయింది. వెనువెంటనే పిల్లవాడు. ఎం.ఏ. తెలుగు పాఠాలు ఖాకీ కవర్లలో వచ్చేవి. పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, వంటింటి గట్టు మీద ఆ కాయితాలు పెట్టుకుని అర్థరాత్రి దాకా చదివేదాన్ని. కొన్ని పాఠాల మీద ఇప్పటికీ చారు మరకలున్నాయి. ఆ కవర్లే లేకపోతే ఇవాళ నేను మీకు ఈ శీర్షిక రాసేదాన్నీ కాదు, ఆ పిల్లకి పాఠం చెప్పేదాన్నీ కాదు. అసలు దేశం మొత్తం మీద మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులోనే 1982లో పుట్టింది. ఇప్పుడది డాక్టర్ అంబేద్కర్ పేరు మీద నడుస్తోంది. కాలేజీ గుమ్మం ఎక్కలేని ఎందరో గృహిణులకీ, గుమాస్తాలకీ అది చదువుల తల్లి. అలాంటి చదువును తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

"రెండు రోజులు ఆగు. కనుక్కుని చెబుతాను" అన్నాను. పిల్ల ముఖం ముడుచుకుని వెళ్లిపోయింది. కాఫీ తాగమంటే తాగలేదు.

ఎవరిని కనుక్కోవాలి? మా అన్నయ్య కూతురు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక ఆస్పత్రి లేబరేటరీలో పనిచేస్తోంది. అది ఈ డిగ్రీనే ఇంట్లో ఉండి చదివిందని మా అన్నయ్య పదిమందికీ చెప్పుకుంటూ ఉంటాడు. మర్నాడు తెల్లవారుజామున లేచి దానికి ఫోను చేశాను. వాళ్లకి అప్పుడు రాత్రి.

"ఇంట్లో ఉండి చదివానా? ఎవరత్తా చెప్పింది, నాన్నేనా?" అని నవ్వింది. తరవాత నిదానంగా వివరించింది. మధ్యలో నేను వేసిన తెలివితక్కువ ప్రశ్నలు వదిలేసి సారాంశం మీకు చెబుతాను.

అది ఇక్కడ బి.ఎస్సీ. చదివి వెళ్లింది కదా. అక్కడ దాన్ని నేరుగా లేబరేటరీలోకి రానివ్వలేదు. ముందు ఊళ్లోని కాలేజీలో రెండేళ్లు రోజూ వెళ్లి టెక్నీషియన్ చదువు చదివింది. పరీక్ష ప్యాసై ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో చేరింది. ఆ తరవాతనే డిగ్రీకి దూరవిద్యలో చేరింది. ఇలా పనిలో ఉన్న టెక్నీషియన్లు పైమెట్టు ఎక్కడానికే అక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ చదువును కంప్యూటరు మీద చెబుతాయిట. పాఠాలు ఇంట్లో వినవచ్చు. రక్తకణాల బొమ్మలు తెర మీద చూసి గుర్తుపట్టవచ్చు. పరీక్ష రాస్తుంటే ఎవరూ అందించకుండా కెమెరా కాపలా. అంతవరకూ ఇల్లే.

"కాని బల్ల పని ఇంట్లో కుదరదత్తా" అంది. బల్ల పని అంటే లేబరేటరీ బల్ల ముందు నిలబడి చేసేది. అది పనిచేసే ఆస్పత్రికీ విశ్వవిద్యాలయానికీ రాతపూర్వకమైన ఒప్పందం కుదిరిన తరవాతే దీనికి సీటు ఇచ్చారుట. ఒక్కొక్క విభాగంలో ఒక అనుభవజ్ఞురాలు పక్కన నిలబడి, ఫలానా పని ఈ అమ్మాయి స్వయంగా చేసింది, సరిగ్గా చేసింది అని ఒక్కొక్క వరుసకీ సంతకం పెట్టాలి. తమ ఆస్పత్రిలో లేని రక్తనిధి పని నేర్చుకోవడానికి కొన్ని వారాలు పెద్ద ఊరి ఆస్పత్రికి వెళ్లివచ్చింది. ఈ చదువులు సరిగ్గా ఉన్నాయా లేవా అని చూడడానికి ఎన్.ఎ.ఎ.సి.ఎల్.ఎస్. అని ప్రత్యేకంగా ఒక సంస్థ ఉంది. దాని గుర్తింపు ఉన్న చోట చదివి, పైన ఎ.ఎస్.సి.పి. వారి పరీక్ష రాయాలి. రెండున్నర గంటల్లో 100 ప్రశ్నలు. సరైన జవాబు రాసినకొద్దీ కంప్యూటరు ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుందిట! మా కాలేజీలో ఈ పద్ధతి పెడితే పిల్లలు నన్ను ఊళ్లో ఉండనివ్వరు. 999కి 400 వస్తే ప్యాసు. అంతటితో అయిపోలేదు. మూడేళ్లకొకసారి కొత్త విషయాలు చదువుకున్నట్టు చూపించి ఆ యోగ్యతాపత్రం నిలబెట్టుకోవాలి. కొన్ని రాష్ట్రాల్లో ఇది చాలదు, వేరే లైసెన్సు కూడా కావాలి.

"మరి క్లినికల్ లేబరేటరీ సైంటిస్టు అంటారే, అది నువ్వేనా?" అన్నాను.

"నేనే. పరీక్ష పెట్టే సంస్థలు రెండూ 2009లో కలిసిపోయాక మెడికల్ లేబరేటరీ సైంటిస్టు అని పేరు మార్చారు. కాలిఫోర్నియాలో ఇప్పటికీ పాత పేరే. పేరేదైనా గొట్టాలు అవే."

తరవాత ఒక సంగతి చెప్పింది. రక్తం గడ్డకట్టే వేళ చూసే పరీక్షకి నీలం మూత గొట్టం వాడతారు. అందులో ముందే కొంచెం మందు ద్రవం ఉంటుంది. 9 వంతుల రక్తానికి 1 వంతు మందు, అదీ లెక్క. గొట్టం గీత దాకా నిండకపోతే మందు పాలు ఎక్కువై, మంచి రక్తం కూడా ఆలస్యంగా గడ్డకట్టినట్టు చూపిస్తుంది. ఈ వాక్యం పుస్తకంలో ఉంది. పరీక్షలో ఇది రాసి మార్కులు కూడా తెచ్చుకుంది.

"ఒక రాత్రి సగం నిండిన గొట్టం వచ్చిందత్తా. పైన డాక్టరు ఫోనులో తొందరపెడుతున్నాడు. మిషను మీద అంకె వచ్చింది. నేను చెప్పెయ్యబోయాను. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, గొట్టం వెలుతురులో ఎత్తి చూపించింది. ఆ అంకె నమ్మి డాక్టరు రక్తం పలచన చేసే మందు తగ్గిస్తే, ఆ రోగికి గడ్డకట్టి గుండెకో మెదడుకో అడ్డుపడవచ్చు. మళ్లీ రక్తం తీయించాం. పుస్తకంలో చదివింది నాకు ఆ చెయ్యి పట్టుకున్నాకే తెలిసింది."

ఫోను పెట్టేశాక నా ఎం.ఏ. రోజులు గుర్తొచ్చాయి. చందస్సు పాఠాలు కవర్లోనే వచ్చాయి. గణాలు కట్టడం వచ్చేసింది. యతి ఎక్కడుందో వేలు పెట్టి చూపించేదాన్ని. కాని పద్యం చదవడం రాలేదు. పది రోజుల కాంటాక్టు క్లాసులకి వెళ్లినప్పుడు ఒక ముసలి మాష్టారు సీసపద్యం ఎత్తుకుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ మాట విరవకూడదో మా చేత పదిసార్లు చదివించారు. ఆ పది రోజులూ లేకపోతే నేను పద్యాన్ని పాసింజరు బండిలా ప్రతి గణం దగ్గరా ఆపుతూ ఉండేదాన్ని. అంటే తెలుగైనా అంతే. కాయితం మీద వచ్చేది కాయితం మీద వస్తుంది. మనిషి పక్కన నిలబడితే వచ్చేది అలాగే రావాలి. ఒకటే తేడా. నేను పద్యం తప్పు చదివితే ఎవరి ప్రాణమూ పోదు.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ చట్టం ఇంకా గట్టిగా ఉంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారి 2020 నాటి నిబంధనల్లో వైద్యం, నర్సింగు, ఫార్మసీలతో పాటు పారామెడికల్ చదువులు కూడా దూరవిద్యలో చెప్పకూడదని ఉంది. 2021లో పార్లమెంటు ఆరోగ్య అనుబంధ వృత్తులకి ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, లేబరేటరీ వృత్తిని అందులో చేర్చింది. ఆ చట్టం కిందికి వచ్చే చదువులేవీ 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి దూరవిద్యలో గాని ఆన్‌లైనులో గాని చెప్పరాదని కమిషన్ మళ్లీ స్పష్టం చేసింది. కనక ఆ రంగుల కాయితం ఎంత అందంగా ఉన్నా, దాని వెనకాల నలభై అయిదు వేలు తప్ప మరేమీ లేదు.

ఈ మాటలన్నీ మర్నాడు కాలేజీలో ఆ పిల్లకి చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, "అమెరికాలో మీ మేనకోడలికి జీతం వస్తూ ఉండగా చదువు వచ్చింది మేడమ్. నేను రెండేళ్లు రోజూ క్లాసుకి వెళితే ఇంట్లో బియ్యం ఎవరు తెస్తారు? చట్టం చేసినవాళ్లు తెస్తారా?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇవాళ్టికీ లేదు. చెయ్యి తేలికైన పిల్లకి, పని చేసుకుంటూనే, పక్కన ఒక అనుభవజ్ఞుణ్ణి పెట్టుకుని పైమెట్టు ఎక్కే దారి మన దగ్గర కూడా ఉండాలి. దారి లేనిచోటే దొంగదారి కొట్లు వెలుస్తాయి. ఇది నా అభిప్రాయం. కాని అభిప్రాయాలతో బియ్యం రావు.

మూడోనాడు ఆ పిల్ల తల్లి మా ఇంటికి వచ్చింది. సంతకం చెయ్యనన్నానని నిష్ఠూరం ఆడడానికే వచ్చింది. అరుగు మీద కూర్చుని అరికాళ్లు రుద్దుకుంటూ మాట్లాడుతోంది. ఏమిటమ్మా అంటే తిమ్మిర్లు అంది. చక్కెర జబ్బుట. "పిల్ల వాళ్ల కొట్టులోనే నెలనెలా చూపిస్తూనే ఉన్నానమ్మా. ఎప్పుడూ బాగానే ఉంటోంది. పరగడుపున 118, 120. అందుకే మాత్ర సగం విరిచి వేసుకుంటున్నాను. మొన్న ప్రభుత్వాస్పత్రిలో చూస్తే 162 అన్నారు. వాళ్ల మిషను పాడైందేమో!"

నాకు గుండె గుభేలుమంది. ఆ కొట్టులో రక్తం తీస్తారు గాని చక్కెర చూసే మిషను లేదు. గొట్టాలన్నీ మధ్యాహ్నం బస్సులో బస్తీకి వెళతాయని పిల్లే ఒకసారి చెప్పింది. తల్లి వెళ్లగానే మేనకోడలికి మళ్లీ ఫోను చేశాను.

"ఏ గొట్టంలో తీశారు?" ఇదే దాని మొదటి ప్రశ్న. రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చినా కణాలు బతికే ఉంటాయి. బతికున్నంతసేపూ చక్కెర తింటూనే ఉంటాయి. మామూలు గొట్టంలో తీసి అలాగే ఉంచితే గంటకి నూటికి 5 నుంచి 7 వంతుల చక్కెర తరిగిపోతుంది. అలా తరక్కుండా అడ్డుకునే మందు బూడిదరంగు మూత గొట్టంలో ఉంటుంది. లేదా వెంటనే కణాలని వేరు చెయ్యాలి. పొద్దున ఏడింటి రక్తం మధ్యాహ్నం పన్నెండింటికి మిషనెక్కితే 160 కాస్తా 120 కావడంలో ఆశ్చర్యం లేదంది. ఆవిడ విషయంలో జరిగింది ఖచ్చితంగా అదేనని నేను ప్రమాణం చెయ్యలేను. లెక్క మాత్రం సరిపోతోంది.

సాయంత్రం పిల్లని పిలిచి అడిగాను. "బూడిదరంగు గొట్టాలు నిండుకుంటే ఏది ఉంటే అందులో తీసెయ్యమంటారు మేడమ్. అన్నిటిలోనూ రక్తమే కదా అని..." మాట మధ్యలో ఆగిపోయింది. నేను లెక్క చెప్పాను. వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకుంది. చాలాసేపు ఊరుకుని, "అమ్మ రక్తం నేనే తీశాను మేడమ్" అంది.

నేనేమీ అనలేదు. అనవలసింది లేదు.

వారం తరవాత మళ్లీ వచ్చింది. తల్లిని డాక్టరుకి చూపించిందిట. మాత్ర మళ్లీ నిండుగా వేసుకుంటోందిట. కొట్టులో యజమానితో వాదించి, బూడిదరంగు గొట్టం లేని రోజున చక్కెరకి రక్తం తియ్యనని చెప్పేసిందిట. ప్రతి గొట్టం మీదా పేరుతో పాటు తీసిన వేళ కూడా రాస్తోందిట. యజమాని విసుక్కున్నాడు గాని, చెయ్యి తేలికైన పిల్లని వదులుకోలేక ఊరుకున్నాడు.

ఆ రోజు నేను దానికి యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చెప్పాను. భీమవరంలో పుట్టిన ఆ మనిషి అమెరికా వెళ్లి, ఫిస్కే అనే ఆచార్యుడితో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించాడు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇద్దరి పేర్లతోనే ప్రపంచమంతటా లేబరేటరీలు దాన్ని వాడుకున్నాయి. "రంగు ఎంత చిక్కబడిందో చూసి లెక్క కట్టే పనమ్మా. ఆయన కూడా గొట్టాలు ఎత్తి వెలుతురులో చూసుకున్నవాడే" అన్నాను. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. తెలుగు పాఠంలో ఒక్కనాడూ అలా వినలేదు.

ఇప్పుడది రెండేళ్ల డిప్లొమాకి దరఖాస్తు పెట్టింది. తపాలాది కాదు, బల్ల ముందు నిలబెట్టేది. సీట్లు తక్కువ, వస్తుందో రాదో తెలియదు. వస్తే పొద్దున కొట్టు పని మానాలి. సాయంత్రాలు చెయ్యడానికి యజమాని ఒప్పుకున్నాడు, జీతం సగమే. మిగతా సగం ఎలాగన్నది తల్లీ, కూతురూ, నేనూ కూర్చుని లెక్కలు వేస్తున్నాం. గాజులు మాత్రం ఇంకా చేతికే ఉన్నాయి.

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఏ పిల్లో పిల్లాడో ఇలాంటి రంగుల కాయితం పట్టుకొస్తే డబ్బు కట్టకముందు మూడు ప్రశ్నలు అడగండి. బల్ల పని ఎక్కడ చేయిస్తారు? పక్కన నిలబడి నేర్పేది ఎవరు? పట్టా వచ్చాక బోర్డులో నమోదు చేస్తారా? మూడోదానికి జవాబు ఆ కొట్టువాణ్ణి కాదు, బోర్డువాళ్లనే అడగండి.

ఇక ఆ కుర్రాడు. నిన్న మా వీధిలో పార్సిలు ఇవ్వడానికి వచ్చాడు. ఈసారి నేనే గేటు దాటి ఎదురు వెళ్లి, "చదవకుండా సంతకం పెట్టాను బాబూ, తప్పు నాదే" అన్నాను. "మీదేముంది మేడమ్, నేను మాత్రం చదివానా?" అన్నాడు. ఎండలో వచ్చాడు కదా అని మజ్జిగ ఇచ్చాను. తాగాడు. రెండేళ్ల డిప్లొమాకి దరఖాస్తులు ఎప్పటిదాకా తీసుకుంటారని అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను.

రేపు పొద్దున్నే కనుక్కోవాలి.